మేకు గుచ్చుకుంటే చెప్పు కూడా తిప్పి చూడండి

(విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఆదివారం పొద్దున్న, లారీ బాడీ షెడ్లలో పనిచేసేవాళ్లతోనూ వాళ్ల ఇళ్లవాళ్లతోనూ ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

కూర్చోండమ్మా, ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. నర్సు ముందు కూర్చుంటే సూది వేస్తుందని భయమా? ఈ రోజు నా దగ్గర సూది లేదు. ఇదిగో, ఈ మేకు, ఈ హవాయి చెప్పు, అంతే తెచ్చాను. వీటి సంగతి కాసేపాగి చెప్తాను. మైకు వద్దు బాబూ, పక్కన పెట్టెయ్యి. డ్రెస్సింగ్ రూములో ముప్పై ఏళ్లు అరిచిన గొంతు ఇది. వెనకాల అన్నయ్యగారూ, వినపడుతోందా? సరే.

నేను డాక్టర్ని కానండీ, ముందే చెప్తున్నాను. స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఎక్కువ కాలం డ్రెస్సింగ్ రూములోనే గడిచింది. డాక్టరుగారు గాయాన్ని చూసేది రెండు నిమిషాలు. కడిగేది మేము, కట్టేది మేము, మర్నాడు విప్పేది మేము, నాలుగో రోజు కట్టు విప్పగానే వాసన పట్టేది కూడా మేమే. అందుకని గాయాలతో మాకు చనువెక్కువ.

నన్ను పిలిచినవాళ్లు గుండెపోటు గురించి చెప్పండి, బీపీ గురించి చెప్పండి అన్నారు. చెప్దామనే వచ్చాను. గంట ముందొచ్చి షెడ్లలో ఓ చుట్టు తిరిగాను. ఒక చోట పాత లారీ బాడీ విప్పుతున్నారు. పలకలు ఊడదీసి పక్కన పారేస్తున్నారు. పలకలకు మేకులు అలాగే ఉన్నాయి, మొనలు పైకి. వాటి మధ్యలోంచి ఓ కుర్రాడు అరిగిపోయిన చెప్పులేసుకుని, రెండు చేతుల్లో టీ గ్లాసులు పట్టుకుని, కింద చూడకుండా నడిచొస్తున్నాడు. ఆ టీ నేనే తాగాను. తాగుతూ అనుకున్నాను, బీపీ సంగతి ఇంకోసారి చూద్దాం, ఈ రోజు అరికాలి గురించే మాట్లాడాలి అని.

ఇప్పుడు చెప్పండి. మీలో ఇంతవరకూ అరికాల్లో మేకు గాని, సీల గాని, రేకుముక్క గాని, ముల్లు గాని గుచ్చుకోనివాళ్లు ఎవరు? చెయ్యెత్తండి. ఇద్దరా? మీరు ఆఫీసులో లెక్కలు రాసేవాళ్లా? అనుకున్నాను.

సరే, గుచ్చుకున్నప్పుడు ఏం చేశారు? సిగ్గుపడకుండా చెప్పండి. మేస్త్రిగారూ, మీరు? సుత్తి పిడితో అరికాలి మీద కొట్టించుకున్నారా! చెడురక్తం పోవాలనా? బాగుంది. తమ్ముడూ, నువ్వు? డీజిల్ పోశాడట. అక్కయ్యగారు పసుపు, కొబ్బరినూనె అంటున్నారు. బీడీ నిప్పుతో కాల్చారు ఒకాయన. బెల్లం, సున్నం కలిపి పెట్టారా? నా చిన్నప్పుడు మా అమ్మ కూడా బెల్లం, సున్నమే పెట్టింది నాకు. కృష్ణ కరకట్ట మీద సర్కారు తుమ్మ ముల్లు, చెప్పులోంచి దూసుకొచ్చింది. ఆ ముల్లు తెలుసుగా మీకు, సైకిలు టైర్లోకే దిగిపోతుంది.

ఇవన్నీ ఎందుకు వద్దంటానో ఒక్కొక్క మాటలో చెప్పేస్తాను. కొడితే ఏమవుతుంది? అసలే నలిగిన కండ ఇంకా నలుగుతుంది. నలిగిన కండకు రక్తం సరిగా అందదు, చెడ్డ క్రిములకు కావలసింది అదే. డీజిల్ లోపలి కండను పాడు చేస్తుంది. బీడీతో కాలిస్తే ఒక గాయం బదులు రెండు గాయాలు. సున్నం కూడా కాల్చేదే. పసుపు మీద నాకు కోపం లేదండీ, పప్పులో రోజూ వేసుకుంటాను. కానీ సన్నటి కంతలో పసుపు కూరితే అది బిరడాలా కూర్చుంటుంది, లోపలి చెడు బయటికి రాదు. పైగా మర్నాడు చర్మం ఎర్రబడిందా లేదా చూద్దామంటే అంతా పచ్చగా ఉంటుంది. ఏం కనపడుతుంది మాకు?

మేకు గాయానికీ, రంపం కోతకూ తేడా ఏమిటి? రంపం కోస్తే గాయం నోరు తెరుచుకుని ఉంటుంది, రక్తం కారుతుంది. చూడగానే భయమేస్తుంది, ఆసుపత్రికి పరిగెత్తుతాం. కారే రక్తంతో కొంత మురికి బయటికి పోతుంది కూడా. మేకు అలా కాదు. పైన చూస్తే కందిగింజంత చుక్క. రెండు బొట్ల రక్తం, అంతే. లోపల మాత్రం అంగుళం లోతుకు దిగి ఉంటుంది. పై చర్మం ఒకటి రెండు రోజుల్లో మూసుకుపోతుంది. మేకు మోసుకెళ్లిన మట్టి, పేడ, తుక్కు అంతా లోపలే ఉండిపోతుంది. పైన తాళం పడింది, దొంగ ఇంట్లోనే ఉన్నాడు.

మీకు ఇంకా బాగా అర్థమయ్యేలా చెప్పనా? టైరు పంక్చరైంది. పంక్చర్ వేసే కుర్రాడు ట్యూబు బయటికి లాగుతాడు, తొట్లో ముంచి బుడగలు చూస్తాడు, రుద్దుతాడు, సొల్యూషన్ రాస్తాడు, ప్యాచీ వేస్తాడు. మళ్లీ ట్యూబు ఎక్కించే ముందు ఒక పని చేస్తాడు. ఏమిటది? గట్టిగా చెప్పండి. అదీ! టైరు లోపల చెయ్యి పెట్టి చుట్టూ తడుముతాడు, మేకు ముక్క ఇంకా ఉందేమోనని. తడమకుండా ఎక్కిస్తే? పటమట దాటకముందే మళ్లీ గాలి పోతుంది. టైరుకి చేసే ఆ పని మన కాలికి ఎందుకు చెయ్యం? కాల్లో చెయ్యి పెట్టి తడమలేం, నిజమే. కానీ తడమకుండానే లోపల ఏముందో తెలుసుకునే దారి ఒకటుంది. అందుకే ఈ చెప్పు తెచ్చాను.

చూడండి. ఈ మేకు ఇందాక మీ షెడ్డులోనే ఏరాను. ఈ చెప్పులోంచి గట్టిగా పొడుస్తున్నాను... పట్టుకో బాబూ, నీ వేలు జాగ్రత్త. ఇదిగో, బయటికొచ్చింది. మొన మీద ఏముందో దగ్గరికొచ్చి చూడు. నల్లగా, ఆవగింజంత. ఏమిటది? రబ్బరు. చెప్పులోంచి మేకు దిగినప్పుడు చెప్పు ముక్క కూడా లోపలికి పోవచ్చు. బూటు వేసుకుని ఉంటే మేజోడు పీలిక కూడా పోవచ్చు. కాబట్టి గుచ్చుకున్నాక మూడు చూడాలి. కాలు చూడాలి, మేకు చూడాలి, చెప్పు చూడాలి. మేకు మొన విరిగిందా, మొత్తం ఉందా? చెప్పుకి సన్నటి చీలిక పడిందా, లేక ముక్క లేచిపోయి గుండ్రంగా కంత పడిందా? ముక్క లేచిపోయి ఉంటే, ఆ ముక్క ఎక్కడుంది?

ఈ మూడోది చూడాలని నేను పుస్తకంలో నేర్చుకోలేదు. తప్పు చేసి నేర్చుకున్నాను.

నేను అప్పుడు ఎక్కడ పనిచేశానో, ఎవరో అనవసరం. ఒక కార్పెంటరు వచ్చాడు, నలభై లోపు వయసు. క్యాన్వాస్ బూటులోంచి మేకు దిగింది, వేళ్ల మొదట్లో, ఇదిగో ఇక్కడ, అరికాలి మెత్త దగ్గర. ఓపీలో జనం విపరీతంగా ఉన్నారు. కడిగాను, పట్టీ వేశాను, సూది వేశాను, పంపించాను. బూటు చూడలేదు. బల్ల కిందే ఉంది బూటు, నేను చూడలేదు. మూడు రోజులకు నొప్పి తగ్గింది, పనిలోకి వెళ్లాడు. పన్నెండో రోజు కుంటుకుంటూ వచ్చాడు. పాదం పైభాగం ఉబ్బింది. డాక్టరుగారు కోసి తెరిచారు. చీము వచ్చింది, ఆకుపచ్చగా. ఒక రకం తియ్యటి వాసన, మిగలపండిన ద్రాక్షపళ్ల వాసనలా ఉంటుంది, డ్రెస్సింగ్ రూములో చేసినవాళ్లు ఎవరూ మర్చిపోలేరు. ఆ చీములో నల్లటి ముక్క, మినపగింజలో సగం ఉంటుంది. బూటు అట్ట.

ఆ క్రిమి పేరు సూడోమోనాస్. చెమటకు నానిన బూట్ల లోపల, ఆ స్పాంజిలో బతుకుతుంది. బూటులోంచి మేకు దిగితే దానితో పాటు లోపలికి వెళ్తుంది, ఎముక దాకా వెళ్తే ఎముక చీముపడుతుంది. మామూలుగా మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు చాలావాటికి లొంగదు. ఆయన ఎన్నో వారాలు పని మానేశాడు. రోజూ కట్టు మార్చింది నేనే. ఒక్క మాట అనలేదు నన్ను. అంటే బాగుండేది.

అప్పటినుంచీ నా దగ్గరికి ఎవరు మేకు గుచ్చుకుని వచ్చినా చెప్పు ఏదీ అని అడిగేదాన్ని. కొత్తగా వచ్చిన పిల్లలు నవ్వుకునేవాళ్లు, మేడంకి చెప్పుల పిచ్చి అని. నవ్వుకోనీ.

ఇప్పుడు ఇంట్లో ఏం చెయ్యాలో చెప్తాను. గుచ్చుకోగానే ఏం చేస్తాం? అరుస్తాం, కాలు పైకి లాగుతాం, పలకకున్న మేకు దానంతటదే వచ్చేస్తుంది చాలాసార్లు. వస్తే సరే. లోతుగా దిగి కాల్లోనే ఇరుక్కుపోతే, లేదా సూది, గాజుపెంకు లోపలే విరిగిపోతే, శ్రావణంతో లాగొద్దు, పిన్నీసుతో కెలకొద్దు. అది కదలకుండా చుట్టూ గుడ్డ మడతలు పెట్టి ఆసుపత్రికి వెళ్లండి. పైకి కనపడే చిన్న ముల్లు తియ్యొచ్చు, దానికి పెద్ద డాక్టరు అక్కర్లేదు. కొస పట్టుకుని, దిగిన దారిలోనే వెనక్కి లాగాలి.

తీశాక కాసేపు రక్తం కారనివ్వండి, పిండొద్దు. ఎక్కువ కారుతుంటే శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టుకోండి. పైన తాడు కట్టకండి. సినిమాల్లో కడతారు, మీరు కట్టకండి. ముందు మీ చేతులు సబ్బుతో కడుక్కోండి. గ్రీజు చేతులతో కాలు కడిగితే కడిగినట్టా?

తర్వాత కాలు కుళాయి కింద పెట్టండి. తాగే నీళ్లయితే చాలు, డెట్టాల్ బకెట్టు అక్కర్లేదు. ఎంతసేపు? మీరు అందరూ ఒక నిమిషం కడిగి అయిపోయిందంటారు. పది నిమిషాలు కడగాలి, పదిహేనైతే ఇంకా మంచిది. కుళాయి లేకపోతే చెంబుతో పోస్తూ ఉండాలి. చుట్టూ సబ్బు పెట్టి రుద్దండి, మట్టి, గ్రీజు అన్నీ పోవాలి. కంతలో మాత్రం ఏదీ దూర్చొద్దు. ఇయర్‌బడ్ దూరుస్తారు కొందరు. దూది పీలిక లోపల ఉండిపోతుంది, ఇంకో మురికి చేర్చినట్టే. నురుగొచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే క్రిములు చచ్చిపోతున్నాయని సంబరపడతారు, మన కండ కూడా దెబ్బతింటుంది. స్పిరిట్ సంగతీ అంతే.

ఆరాక కొంచెం యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ పైపైన రాసి, శుభ్రమైన పట్టీ వెయ్యండి. బిగించొద్దు. రోజుకోసారి మార్చండి, తడిస్తే వెంటనే మార్చండి. నొప్పికి పారాసెటమాల్ చాలు. కాలు దిండు మీద ఎత్తుగా పెట్టుకుని పడుకోండి. ఒకటి రెండు రోజులు ఆ కాలి మీద బరువు పెట్టే పని చెయ్యకండి. చెయ్యకండి అంటే కూలి ఎవరిస్తారంటారు, తెలుసు. కనీసం ఉత్త కాళ్లతో తిరగకండి.

ఇంకో మాట. కంత చిన్నది కదా, ఒక కుట్టు వేయించేద్దాం, లేదా ఆ పచ్చని ట్యూబులో బంక పెట్టి అతికించేద్దాం అనుకునేవాళ్లూ ఉన్నారు. నవ్వకండి, ఒకాయన నిజంగానే అతికించుకుని వచ్చాడు. ఇలాంటి గాయాన్ని డాక్టర్లే మామూలుగా కుట్టరు. లోపలినుంచి పైకి మానాలి.

ధనుర్వాతం సంగతి

ఇప్పుడు మీరందరూ ఎదురుచూస్తున్నది, టీటీ సూది. ముందు ఒక ప్రశ్న. మేకు తుప్పు పట్టి ఉంటేనే ధనుర్వాతం వస్తుందని ఎంతమంది అనుకుంటున్నారు? అబ్బో. కొత్త మేకైతే ఫర్వాలేదా మరి? తుప్పుకీ దీనికీ నేరుగా సంబంధం లేదండీ. ఆ క్రిమి మట్టిలో, పశువుల పేడలో ఉంటుంది. గింజలాగా గట్టి పెంకు కట్టుకుని ఏళ్ల తరబడి పడి ఉంటుంది. ఆరుబయట మట్టిలో పడిన మేకుకు తుప్పూ పడుతుంది, ఈ గింజలూ అంటుకుంటాయి. అందుకని తుప్పుకు చెడ్డపేరు వచ్చింది. మెరిసే కొత్త మేకైనా మట్టిలో పడితే అంతే. ముల్లుకు తుప్పెక్కడిది? ముల్లుతో కూడా రావచ్చు.

ఈ క్రిమికి గాలి తగిలితే పెరగలేదు. గాలి తగలని చోటు ఎక్కడ దొరుకుతుంది దానికి? ఇందాక చెప్పానే, పైన మూసుకుపోయిన సన్నటి లోతు కంత. అక్కడ పెరిగి విషం వదులుతుంది. ఆ విషం నరాల్లోకి వెళ్తుంది. మూడు రోజుల నుంచి మూడు వారాల లోపు బయటపడుతుంది. మొదట దవడ పట్టేస్తుంది, నోరు తెరవలేడు, మెతుకు మింగలేడు. తర్వాత మెడ, తర్వాత వీపు. చిన్న చప్పుడైనా, వెలుతురు పడినా ఒళ్లంతా బిగుసుకుని వీపు విల్లులా వంగిపోతుంది. ధనుస్సు అంటే విల్లు కదా, మనవాళ్లు ఆ పేరు ఊరికే పెట్టలేదు. ఒక్కసారి చూసినవాళ్లకు ఆ పేరు ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు. తెలివి మాత్రం పూర్తిగా ఉంటుంది మనిషికి. ఆ వార్డులో తలుపు వేసేటప్పుడు కూడా చప్పుడు కాకుండా వేసేవాళ్లం.

మరి సూది ఎప్పుడు? ఆరు నెలలకోసారి అని ఒక లెక్క మనవాళ్లలో పాతుకుపోయింది. ఎక్కడినుంచి వచ్చిందో గాని, ఆరు నెలలకోసారి అవసరం లేదు. చిన్నప్పుడు మూడు డోసులూ పడి ఉంటే, శుభ్రమైన చిన్న గాయానికి పదేళ్ల లోపు మళ్లీ అక్కర్లేదు. మట్టిలో మేకు గుచ్చుకోవడం లాంటి మురికి గాయమైతే, ఆఖరి సూది పడి ఐదేళ్లు దాటితే వేయించుకోవాలి. 5, 10. ఈ రెండంకెలు గుర్తుపెట్టుకోండి. వేయించుకున్న తేదీ ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. పెళ్లిళ్లవీ, బిర్యానీవీ వంద ఫోటోలున్నాయి మీ ఫోనుల్లో, ఇదొకటి పెట్టుకోలేరా?

ఇప్పుడు ఆ సూదిని టీటీ అనడం లేదు, టీడీ అంటున్నారు. 2019 నుంచి మన దేశంలో టీటీ స్థానంలో ఇదే ఇస్తున్నారు. ధనుర్వాతంతో పాటు డిఫ్తీరియాకు కూడా పనిచేస్తుంది. డిఫ్తీరియా అంటే కంఠసర్పి. బస్తీలోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో అడగండి.

ఇక్కడే మగవాళ్లతో కొంచెం మాట్లాడాలి. మన దేశంలో పిల్లలందరికీ టీకాలు అనే సార్వత్రిక కార్యక్రమం 1985లో మొదలైంది. అంతకుముందు పుట్టినవాళ్లు, మేస్త్రిగారూ, మీలాంటివాళ్లు, చిన్నప్పుడు మూడు డోసులు పడ్డాయని గట్టిగా చెప్పగలరా? ఆడవాళ్లకు కడుపుతో ఉన్నప్పుడు సూదులు పడ్డాయి. దాని వల్ల కూడా పురిట్లో బిడ్డలకు, తల్లులకు వచ్చే ధనుర్వాతం మన దేశంలో నిర్మూలన అయిందని 2015లో ప్రకటించారు. చాలా పెద్ద విషయం అది. మరి మగవాళ్లకు కడుపు రాదు, సూదీ పడదు. మేకులు గుచ్చుకునేది ఎక్కువగా ఎవరికి? నవ్వుతున్నారు గాని, నా భయం ఇదే.

చిన్నప్పటి డోసులు పడలేదని తెలిసినా, పడ్డాయో లేదో తెలియకపోయినా, డాక్టరుకి ఆ మాట చెప్పండి. మురికి గాయమైతే అలాంటివాళ్లకు టీడీతో పాటు ఇమ్యూనోగ్లోబులిన్ అని ఇంకో సూది అవసరమవుతుంది. టీడీ సూది మన ఒంటికి సైన్యాన్ని తయారు చేసుకోవడం నేర్పుతుంది, దానికి టైము పడుతుంది. రెండోది తయారైన సైన్యాన్నే తెచ్చి దింపుతుంది. నేను చేరిన కొత్తలో దాని బదులు గుర్రం రక్తంలోంచి తీసిన సీరం ఇచ్చేవాళ్లం. ముందు చర్మం మీద కొంచెం వేసి, పడుతుందో లేదో చూసి, చేతులు వణుకుతూ ఇచ్చేవాళ్లం. ఇప్పుడు మనిషి రక్తంలోంచి తీసింది వచ్చాక ఆ టెన్షన్ తగ్గింది. మొత్తం మీద, మూడు డోసుల కోర్సు పెద్దయ్యాకైనా పూర్తి చేసుకోవచ్చు. ఒకటి ఈ రోజు, నాలుగు వారాలకు ఇంకోటి, ఆరు నెలల నుంచి ఏడాది లోపు మూడోది.

ఒకసారి ధనుర్వాతం వచ్చి తగ్గితే మళ్లీ రాదు కదా అని ఎవరో అడిగారు ఇదివరకు నన్ను. వస్తుందండీ. ఆ విషం ఎంత కొంచెమైనా మనిషిని పడగొడుతుంది, ఆ కొంచెం మోతాదుతో ఒంటికి రక్షణ మాత్రం తయారవదు. వచ్చి తగ్గినవాళ్లకు కూడా సూదులు వెయ్యాలి.

సూది వేయించుకున్నాను, ఇక భయం లేదు అనుకోవడం ఇంకో పొరపాటు. సూది ధనుర్వాతాన్ని ఆపుతుంది. చీము పట్టకుండా ఆపదు. నా కార్పెంటరుకి సూది వేశానుగా, ఏమైంది?

అందుకని కాలిని కనిపెట్టి ఉండాలి. మామూలుగా రెండు రోజులు దాటితే నొప్పి తగ్గుముఖం పట్టాలి. తగ్గకుండా పెరుగుతుంటే, రాత్రిపూట సలుపుతుంటే, చుట్టూ ఎర్రబడి వేడిగా ఉంటే, చీము వస్తే, కాలి మీదుగా పైకి ఎర్రగీత పాకితే, గజ్జల్లో బిళ్ల కడితే, జ్వరం వస్తే, ఆ రోజే చూపించుకోండి. ఎర్రబడిన చోటు అంచు వెంబడి పెన్నుతో గీత గీసుకోండి. సాయంత్రానికి ఆ గీత దాటిందంటే పెరుగుతున్నట్టే. మేము వార్డులో అలాగే చేసేవాళ్లం. ఇవేమీ లేకుండా మూడు రోజులు బాగుండి, రెండో వారంలో మళ్లీ కుంటడం మొదలైతే అది ఇంకా అనుమానించాల్సిన విషయం. ఎముక దాకా పోయింది ఒక్కోసారి అప్పుడే బయటపడుతుంది. వేళ్ల మొదట్లో గుచ్చుకున్నవి మరీ జాగ్రత్త, అక్కడ ఎముకలు, కీళ్లు చర్మానికి దగ్గరగా ఉంటాయి.

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారండీ, అయినా నొప్పి అంటారు. ఎక్స్‌రేలో ఇనుము కనపడుతుంది, గాజు చాలావరకు కనపడుతుంది. ముల్లు, చెక్కపేడు, రబ్బరు మామూలుగా కనపడవు. ఏం గుచ్చుకుందో, చెప్పుకి ఎలాంటి కంత పడిందో మీరు చెప్తే, డాక్టరు కావాలంటే అల్ట్రాసౌండ్ తీయిస్తారు. చెప్పకపోతే ఆయనకెలా తెలుస్తుంది? వెళ్లేటప్పుడు ఆ చెప్పు కవర్లో వేసుకుని తీసుకెళ్లండి. సిగ్గెందుకు?

షుగర్ ఉన్నవాళ్లు చెయ్యెత్తండి. ఎత్తండి, ఇక్కడ దాచుకుని ఏం చేస్తారు? ఇందాక నేను చెప్పిన ఇంటి వైద్యం అంతా మీకు సగమే. కడుక్కోండి, పట్టీ వేసుకోండి, కానీ ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. నొప్పి లేదు కదా అంటారు. నొప్పి లేకపోవడమే మీ జబ్బు. నరాలు మొద్దుబారిపోతాయి. ఒకావిడ చెప్పుకి గుండుసూది గుచ్చుకుని, అది అరికాల్లోకి దిగి, ఆవిడ రోజంతా నడిచింది. సాయంత్రం మనవరాలు చూసి చెప్పింది, అమ్మమ్మా, నీ చెప్పు కాలికి అతుక్కుంది అని. రాత్రి పడుకునే ముందు అరికాళ్లు చూసుకోండి. వంగలేకపోతే కింద అద్దం పెట్టుకోండి. చెప్పులో కాలు పెట్టేముందు చెయ్యి పెట్టి తడమండి, ఆ పంక్చర్ కుర్రాడిలాగే. వేణ్ణీళ్లలో కాలు పెట్టొద్దు, వేడి తెలియక బొబ్బలెక్కుతాయి.

భవానీ మాల వేసుకునేవాళ్లు ఉంటారు ఇక్కడ చాలామంది. మాలలో చెప్పులు వేసుకోరు, ఇంద్రకీలాద్రి చుట్టూ గిరిప్రదక్షిణ ఉత్త కాళ్లతో చేస్తారు. వద్దనడానికి నేనెవర్ని? నేనూ చేశాను. కానీ షుగర్ ఉన్న భవానీలు డాక్టరుతో ఒక మాట అనుకుని మాల వేసుకోవడం మంచిదని నా అభిప్రాయం. మాలలో ఉండి షెడ్డులో ఉత్త కాళ్లతో పని చెయ్యడం మాత్రం నాకు అస్సలు నచ్చదు. అమ్మవారు పలకల మీద మేకులు ఏరిపెట్టదు కదా.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు మీలో ఎంతమంది ఉన్నారు? నడుం లోతు నీళ్లలో నడిచారు, కింద ఏముందో తెలియదు. డ్రైనేజీ నీళ్లు, విరిగిన తలుపులు, రేకులు, గాజు. అలాంటప్పుడు గుచ్చుకుంటే ఆ నీళ్లతోనే కడగొద్దు, తాగే నీళ్ల సీసా ఒకటి దానికి ఖర్చు పెట్టండి. ఆ నీళ్లలోకి దిగక తప్పనప్పుడు గట్టి అట్ట ఉన్న బూట్లు కావాలి, హవాయి చెప్పు బురదలో ఎటూ జారిపోతుంది.

అడిగినవి

యాంటీబయాటిక్ మాత్రలు ముందే వేసుకుంటే మంచిది కదా అంటున్నారు. గుచ్చుకున్న ప్రతి మేకుకూ అక్కర్లేదు. లోతుగా దిగితే, బూటులోంచి దిగితే, షుగర్ ఉంటే, డాక్టరు ఆలోచించి రాస్తారు. షాపులో రెండు రోజులకు రెండు రంగు మాత్రలు తెచ్చుకుని మింగితే చీము తాత్కాలికంగా అణగొచ్చు, లోపల ముక్క అలాగే ఉంటుంది. మళ్లీ తిరగబెడుతుంది.

సూది ఎన్ని గంటల్లోపు? ఆ రోజే. కుదరకపోతే మర్నాడు. వారమైంది కాబట్టి ఇక ఎందుకులే అనుకోకండి, అప్పుడైనా వెళ్లి అడగండి.

యజమానులు ఏం చెయ్యాలి అని ఈ అన్నయ్య అడుగుతున్నారు. మంచి ప్రశ్న, మీరే యజమానా? పలక ఊడదియ్యగానే మేకు పీకడం, కుదరకపోతే కనీసం మొన వంచెయ్యడం, పలకను తిరగేసి పెట్టడం. ఒక డబ్బా, అందులో పీకిన మేకులు. స్క్రాప్ కింద అమ్ముకుంటే మీకే డబ్బులు. కుర్రాళ్లకు గట్టి అట్ట బూట్లు. వాటి ఖరీదెంతో నాకంటే మీకే బాగా తెలుసు.

ఎవరు బాబూ, టీ ఇచ్చిన అబ్బాయివి కదూ? ఏమిటి, గట్టిగా చెప్పు. మొన్న గురువారం గుచ్చుకుందా? మరి పొద్దున్నుంచీ చెప్పవేం? ఏం పెట్టావు? గ్రీజా! సరే, భయపడకు. ఆ కుర్చీ ఇటు వెయ్యండమ్మా, ఒక చెంబు మంచినీళ్లు, సబ్బు తెండి. మిగతావాళ్లు కొంచెం వెలుతురు వదలండి. కూర్చో నాయనా. కాలు తర్వాత చూస్తాను, ముందు ఆ చెప్పు ఇలా ఇవ్వు.